ఏడుగురూ చేసిన ఒకే తప్పు

నేను పత్రికలో పనిచేసిన ఇరవై ఎనిమిదేళ్లలో నా పేరుతో అచ్చయిన వార్తలు పది కూడా ఉండవు. నాది డెస్కు ఉద్యోగం. విలేకరులు రాసి పంపినదాన్ని సరిచేసి, శీర్షిక పెట్టి, పేజీలోకి పంపడమే పని. పేరుకి మాది ఇంగ్లీషు దినపత్రికే కానీ, మాకు వార్తలు పంపేవాళ్లలో కొందరు హిందీలో ఆలోచించేవాళ్లు, కొందరు ఛత్తీస్‌గఢీలో, నాలాంటి ఒకరిద్దరు తెలుగులో. అందుకని మా దగ్గరికి వచ్చే వాక్యాల్లో మంత్రి ఒక్కడే బయల్దేరేవాడు, క్రియ దగ్గరికి చేరేసరికి పదిమంది అయ్యేవాడు. ఊరేగింపులో వెయ్యిమంది నడిచేవారు, క్రియ మాత్రం ఒంటరిగా ఇల్లు చేరేది. కర్తకీ క్రియకీ రాజీ కుదర్చడంలోనే నా వయసంతా గడిచింది.

ఇప్పుడు డెస్కుల్లో పనిచేసే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. మీరు చూసిన పెద్ద వార్త ఏమిటి సార్ అని అడుగుతారు. నేను చూసిన పెద్ద వార్తలన్నీ వాళ్లు చదివినవే. చదవనిది ఒకటుంది. అది నేను రాయలేదు. రాస్తే కొందరి ఉద్యోగాలకి ఇబ్బంది అయ్యేది. ఇప్పుడు అందరూ రిటైరయ్యారు కనుక చెబుతాను.

తొంభైల మధ్యలో మాట. మేం భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లున్న రిసాలిలో ఉండేవాళ్లం. నా పని మధ్యాహ్నం మొదలు. లోకల్ రైల్లో పక్క పట్నంలోని ఆఫీసుకి వెళ్లేవాణ్ని. మా ఎదురు క్వార్టర్లో ఒక క్రేన్ ఆపరేటర్ ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ప్లాంటులో, పట్టాలు చేసే మిల్లులో, పైకప్పు కింద అటూ ఇటూ తిరిగే పెద్ద క్రేన్‌ని నడిపేవాడు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, తమరు ఇంగిలీసు పేపర్లో పన్జేస్తన్నారు గదా. నాకో నాలుగు ముక్కలు సెప్పాల. పేపర్లో ఎయ్యడానికి పనికొచ్చేంత వొద్దు. పరీచ్చకి సాలు."

పరీక్ష ఏమిటని అడిగాను. షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టుకి లోపలి పరీక్ష. పని గురించి అడిగే ప్రశ్నలకి ఆయన నిద్రలో లేపినా చెప్పగలడు. కానీ షిఫ్టులో జరిగినదాన్ని ఇంగ్లీషులో రిపోర్టుగా రాయాలి. అక్కడే రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి. వయసు నిబంధన వల్ల ఇదే ఆఖరు.

"పోతే పోనీ, క్రేన్ ఆపరేటర్‌గానే రిటైరవ్వచ్చు కదా" అన్నాను.

ఆయన లుంగీ కొంచెం పైకి లాగి మోకాళ్లు చూపించాడు. ఎడమది ఉబ్బి ఉంది. "క్రేన్ మీదికి నిచ్చెనెక్కాల బాబూ. ఎక్కినప్పుడు ఎడం కాలు ఏడుస్తాది, దిగినప్పుడు రెండూ ఏడుస్తాయి. ఇంకో ఏడాదిలో డాక్టరు నన్ను పైకి ఎక్కనివ్వడు. ఇన్‌ఛార్జినయితే కిందనే నిలబడి పని సేయించుకుంటాను. నేదంటే సామాన్ల గదిలో కూకోబెట్టి నట్లూ బోల్టులూ అందించమంటారు. పంతొమ్మిదేళ్లు ఎర్రగా కాలిన ఇనుం ఎత్తినోణ్ని, నట్లు అందించమంటే సచ్చిపోతాను."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

సరే రమ్మన్నాను. మరుసటి ఆదివారం ఆయనతో కలిపి ఏడుగురు వచ్చారు. అందరూ ఆ పరీక్షకే కూర్చోబోయేవాళ్లు. మా ఇంట్లో చోటు చాలక తెలుగు సంఘం వాళ్ల గది అడిగి తీసుకున్నాను. పరీక్షకి మూడు నెలలుంది. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా క్లాసు. ఆ పూట డ్యూటీ పడ్డవాళ్లు ఎవరో ఒకరిని బతిమాలి షిఫ్టు మార్చుకుని మరీ వచ్చేవారు.

ఏడుగురిలో ఒకడి గురించి ముందే చెప్పాలి. ముప్పై ఏళ్లవాడు. వాళ్లది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అతను పుట్టింది మాత్రం భిలాయిలోనే. తెలుగు కంటే హిందీ ఎక్కువ వచ్చు. ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి దాకా చదివాడు. మిల్లులో అతని పని సిగ్నల్‌మేన్. అంటే కింద నిలబడి, బరువు ఎత్తాలా దించాలా ఎటు జరపాలా అన్నది క్రేన్ ఆపరేటర్‌కి చేతులతో చెప్పేవాడు. పైనున్నది మా ఎదురింటాయన, కిందనున్నది ఇతను. ఆయన ఇతన్ని తమ్ముడూ అంటాడు, ఇతను ఆయన్ని భయ్యా అంటాడు.

నేను చాలా శ్రద్ధగా తయారయ్యాను. పదకొండు నియమాలు రాసి సైక్లోస్టైల్ చేయించి పంచాను. ఒకటి, కర్త ఏకవచనమైతే క్రియ ఏకవచనం. రెండు, కర్తకీ క్రియకీ మధ్య వేరే మాటలొస్తే వాటిని లెక్కచేయకూడదు. ఇలాగ. డెస్కు మీద ఇంతకాలం ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ని, నియమం చెప్పేస్తే వచ్చేస్తుందనుకున్నాను. ఏదైనా విషయం బాగా తెలిసినవాడికి ఉండే పెద్ద జబ్బు ఇదే.

మొదటి క్లాసులోనే ఎదురింటాయన రాసిన వాక్యం ఇది: "మేనేజర్ సాబ్ ఆర్ కమింగ్."

"మేనేజరు ఒక్కడే కదా. ఈజ్ అనాలి" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "అదేటి బాబూ! ఎల్పరు కుర్రోడికీ ఈజే, మేనేజరు గారికీ ఈజేనా? ఆయన ఇన్నారంటే ఏటనుకుంటారు?"

"ఇంగ్లీషులో గౌరవం క్రియలో ఉండదండీ."

"మరి ఎక్కడుంటాది?"

దానికి నా పదకొండు నియమాల్లో జవాబు లేదు. వెనకనుంచి ఎవరో "వాళ్ల జీతంలో ఉంటాది" అన్నారు. ఆ రోజుకి క్లాసు అయిపోయింది.

నెలరోజులు ఇలాగే నడిచింది. కర్తకీ క్రియకీ మధ్య నాలుగు మాటలు పడితే చాలు, ఏడుగురూ దగ్గరున్న మాటనే కర్త అనుకునేవారు. ఎదురింటాయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, "మీరేటి నేర్పుతున్నారో గానీ బాబూ, ఇంట్లో ఏదడిగినా ఈజూ ఆరూ అంటన్నాడు. కూర ఉందా అంటే ఈజ్ అంటాడు. వొంకాయలున్నాయా అంటే ఆర్ అంటాడు. ఉప్పు సాలిందా అంటే మాత్రం నోరు మెదపడు" అంది.

అయిదో వారం నుంచి అద్భుతం మొదలైంది.

ప్రతి క్లాసు చివర నేను పది వాక్యాలు చదివేవాణ్ని, క్రియ ఉండాల్సినచోట ఆగేవాణ్ని. వాళ్లు ఏకవచనమో బహువచనమో నిర్ణయించి రాయాలి. అప్పటిదాకా పదికి మూడూ నాలుగూ వచ్చేవి. అయిదో వారం అందరికీ ఎనిమిది. ఆరో వారం తొమ్మిది. ఏడో వారమూ తొమ్మిదే. ఎవరూ పక్కవాడి కాగితంలోకి చూసేవారు కాదు. నేను గది మధ్యలో తిరుగుతూ కళ్లారా చూశాను. అందరూ తల ఎత్తి, ఎదురుగా ఎక్కడో చూస్తూ, ఒక్క క్షణం ఆలోచించి, రాసేవారు. సిగ్నల్‌మేన్ కుర్రాడు ముందు వరసలో ఒక వారగా కూర్చునేవాడు. అతనికి ఆలోచించేటప్పుడు వేలు తిప్పే అలవాటుంది. ఒకోసారి చెవి దగ్గర, ఒకోసారి మోకాలి దగ్గర, గాలిలో చిన్న సున్నాలు చుట్టేవాడు. ఎంత ఏకాగ్రత అని మురిసిపోయాను.

ఆఫీసులో ఈ విజయం గురించి చెప్పకుండా ఉండలేకపోయాను. మా న్యూస్ ఎడిటర్ మలయాళీ. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడినప్పుడు ఎదుటివాడి గాలి తీసేవాడు. ఆ ఏడు కాగితాలూ బల్ల మీద పరిచి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. టీ తాగాడు. మళ్లీ చూశాడు.

"అందరికీ తొమ్మిదే వచ్చిందా?"

"అందరికీ."

"పోయిన ఆ ఒక్కటీ ఏది?"

అప్పుడు చూశాను. ఏడుగురికీ పోయింది ఎనిమిదో వాక్యమే.

"ఒకడు చేస్తే అది తప్పు. ఏడుగురూ కలిసి అదే తప్పు చేస్తే అది వార్త. ఆ జవాబు ఎవరు ఇచ్చారో కనుక్కో" అని కాగితాలు నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది, వాళ్ల మీద కాదు, ఆయన మీద. అసూయ అనుకున్నాను.

ఆ తర్వాతి వారం ప్లాంటులో భద్రతా వారోత్సవం. ఎప్పుడూ బయటికి కదలని నన్ను, రిపోర్టర్ సెలవులో ఉన్నాడని, దాని మీద వ్యాసం రాయమని పంపారు. విలేకరులని మిల్లులో ఎత్తుగా ఉన్న నడవ మీద నిలబెట్టారు. కింద పట్టాలు ఎర్రటి పాముల్లా జారిపోతున్నాయి. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. పైన క్రేన్ గదిలో మా ఎదురింటాయన కనిపించాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. ఆయన చూపంతా కింద ఒకచోటే ఉంది. అక్కడ సిగ్నల్‌మేన్ నిలబడి ఉన్నాడు.

ఆ కుర్రాడు చెయ్యి ఎత్తి, చూపుడువేలు పైకి పెట్టి, చెవి దగ్గర చిన్న సున్నాలు చుట్టాడు. బరువు పైకి లేచింది.

చెయ్యి కిందికి దించి, మోకాలి దగ్గర వేలు కిందికి పెట్టి, సున్నాలు చుట్టాడు. బరువు కిందికి దిగింది.

నేను నడవ కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. పక్కనున్న భద్రతాధికారి నాకు కళ్లు తిరుగుతున్నాయనుకుని నీళ్లు తెమ్మన్నాడు. కళ్లు తిరగడం కాదు, నవ్వు. నవ్వు వెనకాలే అవమానం. మూడు వారాలుగా నా కళ్లెదుట, నా క్లాసులో, ఆ కుర్రాడు పైకి వేలు తిప్పితే ఏడు కలాలు బహువచనం రాశాయి, కిందికి తిప్పితే ఏకవచనం రాశాయి. నేను దాన్ని ఏకాగ్రత అనుకున్నాను.

నడవ మీద ఉండగానే ఇంకొకటి కూడా చూశాను. బరువు గాలిలో ఉన్నప్పుడు ఒక ఆఫీసరు తొందరగా వచ్చి, తెల్ల హెల్మెట్ తీసి ఊపుతూ, ఇటు తెమ్మని క్రేన్‌కేసి సైగ చేశాడు. క్రేన్ కదల్లేదు. ఇంకా గట్టిగా ఊపాడు. కదల్లేదు. సిగ్నల్‌మేన్ తాపీగా ఆఫీసరుకి ఏదో చెప్పి, చుట్టూ చూసి, అప్పుడు చెయ్యి ఎత్తాడు. క్రేన్ కదిలింది. ఇది ఇక్కడి నియమమని భద్రతాధికారి చెప్పాడు. పైవాడు ఒక్కరి చేతినే చూడాలి. ఇంకెవరు పిలిచినా కదలకూడదు. ఒక్క మినహాయింపు ఉంది: రెండు చేతులూ బారచాపి ఊపితే ఆగమని అర్థం. అది ఎవరు చేసినా, ఊడ్చేవాడు చేసినా, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి.

ఆదివారం క్లాసుకి వెళ్లాను. మొదటి వాక్యం చదివి, క్రియ దగ్గర ఆగి, నేనే చెవి దగ్గర వేలు పైకి పెట్టి సున్నాలు చుట్టాను.

ఏడు తలలు లేచాయి. ముందుగా మా ఎదురింటాయనకి నవ్వు వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేదు.

"దొరికిపోనాం రా తమ్ముడూ!"

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సారీ సార్. గల్తీ నాదే."

"కాపీ కొట్టడానికి సిగ్గు లేదా మీకు?" అన్నాను. గొంతు పెంచుదామనుకున్నాను కానీ సరిగ్గా పెరగలేదు.

"కాపీ కాదు బాబూ" అన్నాడు ఎదురింటాయన, నిజంగా నొచ్చుకుని. "కాపీ అంటే పక్కోడి కాయితం సూడ్డం. ఏసు పెభువు సాచ్చిగా, ఈ తమ్ముణ్నే అడగండి, ఎవుల కాయితం ఎవులూ సూళ్లేదు."

"మరి చూసిందేమిటి?"

"సిగ్నలు."

ఆయన హాస్యానికి అనలేదు. మిగిలిన అయిదుగురూ కూడా అవును కదా అన్నట్టు తలలూపారు. "పైన కూకున్నోడికి కిందేటుందో అగుపడదు బాబూ. తెలిసినోడు సెయ్యి సూపిస్తాడు, తెలీనోడు దించుతాడు. మా పనే అది. ఒక్కడే ఎత్తే బరువు మా మిల్లులో ఎక్కడుంది?"

వాళ్లు నన్ను మోసం చెయ్యలేదు. తమకి తెలిసిన అతి నిజాయితీ పద్ధతిలో పనిచేశారు. దాన్ని ఎక్కడ చెయ్యకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

"సరే. పరీక్షలో తమ్ముడు ఎక్కడ కూర్చుంటాడు?"

నవ్వులు ఆగాయి. ఎదురింటాయన మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "అదే నా బెంగ బాబూ. టోకెన్ నంబరు పెకారం కూకోబెడతారు. నాకు కింద మనిషి నేకపోతే సెయ్యి ఆడదు. నాలుగు వారాలే ఉంది. ఇంకేటి నేర్సుకుంటాను, ఒగ్గీండి."

నడవ మీద చూసింది అప్పుడు గుర్తొచ్చింది. ముందుగా ఆలోచించి చెప్పినట్టు చెప్పుకోవాలని ఉంది కానీ, లేదు. నోటికొచ్చింది అడిగాను.

"మొన్న ఆ తెల్ల హెల్మెట్ ఆఫీసరు అంత గట్టిగా పిలిస్తే ఎందుకు కదల్లేదు మీరు?"

"ఆయన పెద్దోరే. కాదన్ను. కిందకి దిగినాక సలాం కూడా కొట్టేను. కానీ సెయ్యి తమ్ముడిది."

"దగ్గరగా ఉన్నది ఆఫీసరు కదా?"

"దగ్గరా దూరం సూస్తే మనుసులు సస్తారు బాబూ. ఎవుడి సెయ్యో అదే సూడాల."

"వాక్యంలో కూడా అంతే" అన్నాను. "క్రియ పైన క్రేన్‌లో కూర్చుంది. కింద నలుగురు నిలబడి చేతులూపుతుంటారు. అందులో సిగ్నల్‌మేన్ కర్త మాత్రమే. ఆ కర్త ఒక్కడా, ఇద్దరా? అది చూసి కదలాలి. మిగతావాళ్లు ఎంత దగ్గరగా ఉన్నా, ఎంత పెద్దవాళ్లయినా, వాళ్ల పని వాళ్లది."

గది మధ్యలో బల్ల వేయించి ఎదురింటాయన్ని దాని మీద కూర్చోబెట్టాను. ఆయన క్రియ. సిగ్నల్‌మేన్ కుర్రాడు "రిపోర్ట్" అనే మాట. ముగ్గురు "హెల్పర్స్". "ద రిపోర్ట్ ఆఫ్ ద హెల్పర్స్" సిద్ధంగా ఉంది అన్నది వాక్యం, ఇంగ్లీషులో క్రియకి ఆనుకుని వచ్చేది హెల్పర్సే. కుర్రాణ్ని దూరంగా గోడ దగ్గర నిలబెట్టి, ముగ్గురు హెల్పర్లనీ బల్లకి ఆనించి నిలబెట్టి, ముగ్గుర్నీ గోల చెయ్యమన్నాను. వాళ్లకి అంతకంటే ఏం కావాలి?

"ఆర్, ఆర్! ఇటు సూడు మావా, మేం ముగ్గురం!"

"ఒరే, నీ పెళ్లిలో వొడ్డించింది నేనే, నా మాటిను!"

ఎదురింటాయన వాళ్ల తలల మీదుగా గోడకేసి చూశాడు. కుర్రాడు కదలకుండా నిలబడి ఉన్నాడు. ఒక్కడే.

"ఈజ్" అన్నాడు. తర్వాత బల్ల మీద చరిచాడు. "ఈజ్ బాబూ! ఆడొక్కడే గదా! ఓర్నాయనో, ఇదేనా? ఇంత గోల ఎందుకు పెట్టేరు రెండు నెలల్నుంచీ?"

కాసేపటికి ఆయనే బల్ల దిగకుండా అన్నాడు: "మేనేజరు గారు కూడా ఒక్కరే. సిగ్నలిస్తే ఒక్క సెయ్యే. గవురవం సలాంలో పెట్టుకోవాల, సిగ్నల్లో కాదు." మొదటి క్లాసులో నేను చెప్పలేకపోయిన జవాబు అది. నా సైక్లోస్టైల్ కాగితాలు ఆ రోజునుంచి పకోడీల కిందికి పనికొచ్చాయి.

మిగిలిన ఆదివారాలు కుర్రాణ్ని అందరికంటే వెనక కూర్చోబెట్టాను. మార్కులు అయిదుకి పడిపోయాయి, ఆరుకి లేచాయి, ఆఖరి వారం ఎదురింటాయనకి ఏడు వచ్చాయి. ఏడు సొంతానివి. కుర్రాడికి మాత్రం ఇదంతా చిన్నతనంగా తోచింది. "నాకు ముందే వచ్చు కదా సార్" అనేవాడు. ఎనిమిదో వాక్యం సంగతి ఎత్తితే మాట మార్చేవాడు.

పరీక్ష రోజు నేను ఆ హాల్లో లేను. శిక్షణ భవనం ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. లోపల జరిగింది ముగ్గురు నాకు విడివిడిగా చెప్పారు. ముగ్గురి మాటలూ కలిసినంత మేరకే రాస్తున్నాను. ఇది వృత్తి అలవాటు.

హాల్లో నలభైమంది దాకా ఉన్నారు. పర్యవేక్షణకి వచ్చిన ఆఫీసరు ఉద్యోగం తొలిరోజుల్లో క్రేన్ల దగ్గర పనిచేసినవాడు. టోకెన్ నంబర్లు ఎలా కలిశాయో గానీ మా కుర్రాడు మా ఎదురింటాయనకి రెండు వరసల ముందు, పక్కగా పడ్డాడు. సరిగ్గా మిల్లులో కనిపించినట్టే కనిపిస్తున్నాడు.

షిఫ్టులో జరిగినదాన్ని ఆఫీసరు హిందీలో ఒక్కో వాక్యం చదువుతుంటే, అందరూ దాన్నే ఇంగ్లీషులో రిపోర్టుగా రాస్తున్నారు. రాస్తూ రాస్తూ ఎదురింటాయన ఒక పెద్ద వాక్యం మధ్యలో ఆగాడు. తల ఎత్తాడు. కావాలని కాదు. ఏ దిక్కూ తోచనప్పుడు పంతొమ్మిదేళ్లుగా ఆ తల ఎటు తిరిగిందో అటే తిరిగింది. ముందు వరసలో కుర్రాడు కొంచెం పక్కకి తిరిగి కంటికొసతో అది చూశాడు. అతనికీ అంతే. పైవాడు ఆగితే కిందవాడి చెయ్యి దానంతటదే లేస్తుంది. మోకాలి పక్కన చూపుడువేలు కిందికి దిగి, చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.

ఎదురింటాయన ఆ వేలు చూశాడు. ఆ వేలు చెప్పినట్టు రాసెయ్యొచ్చు. ఎవరూ గమనించలేదు. మోకాలు, నిచ్చెన, సామాన్ల గది, అన్నీ ఆ వాక్యం అవతలే ఉన్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ బారచాపి, అరచేతులు కిందికి పెట్టి, అడ్డంగా ఊపాడు.

ఆగు.

ఆ హాల్లో ఉన్నవాళ్లంతా ప్లాంటు మనుషులు. ఆ సైగ చూశాక ఆగకపోవడం వాళ్ల ఒంట్లో లేదు. నలభై పెన్నులు ఒక్కసారి ఆగిపోయాయి. కిటికీ దగ్గర నీళ్లు పోస్తున్న మనిషి కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పర్యవేక్షక ఆఫీసరు ఒక కాలు ముందుకి వేసి, రెండోది వెయ్యకుండా ఆగిపోయాడట. ఎవరికీ ఎందుకో తెలియదు. పైకప్పు కేసి చూశారు కొందరు, ఏదైనా పడుతోందేమోనని.

ముందుగా ఆఫీసరే తేరుకున్నాడు. "క్యా హువా? కిస్కో రోకా?" ఏమైంది, ఎవర్ని ఆపావు అని.

ఎదురింటాయన చేతులు దించాడు. అప్పుడు భయం వేసిందట. అబద్ధం ఆడటానికి హిందీ సరిపోలేదని తర్వాత నాతో అన్నాడు. "సాబ్, ఆజ్ కా లోడ్ మేరా అకేలే కా హై." ఈ రోజు బరువు నా ఒక్కడిదే సార్.

ఆఫీసరు ఆయన్ని చూశాడు. ఆయన ఎటు చూస్తున్నాడో అటు చూశాడు. అక్కడ కుర్రాడి వేలు మోకాలి పక్కన ఇంకా కిందికే ఉంది. అతను కూడా ఆగిపోయాడు కదా మరి. క్రేన్ల దగ్గర పనిచేసినవాడికి ఇంకొకరు విడమరచి చెప్పక్కర్లేదు. ఇద్దరినీ బయటికి పంపించే అధికారం ఆయనకి ఉంది.

ఆఫీసరు నడుచుకుంటూ వెళ్లి, కుర్రాణ్ని లేవమని, అతని కుర్చీ తీసి, గోడ కేసి తిప్పి వేశాడు. "నీ క్రేన్ అటుంది. దాన్ని చూసుకో" అన్నాడు హిందీలో. తర్వాత హాలుకేసి తిరిగి, ఆపిన పని మళ్లీ మొదలుపెట్టమని చేత్తో సైగ చేశాడు. నలభై పెన్నులు కదిలాయి.

పరీక్ష అయ్యాక కుర్రాడు అందరికంటే ముందు బయటికి వచ్చి, టీ కూడా తాగకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎదురింటాయన ఆఖరున వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"తమ్ముడు ఇంక నాతో మాట్లాడడంట బాబూ. బయటికెల్తా ఎల్తా, అందరెదురుగా నన్నాపీసేవు అన్నాడు. మేలు సెయ్యబోతే సెయ్యి ఇరిసేసినట్టయిందంట."

"ఆ వాక్యంలో చివరికి ఏం రాశారు?"

"అతను దించమన్నాడు. నాను సూసుకుంటే కిందున్నది ఇద్దరు. ఎత్తేను."

ఆయన ఎత్తడమే సరైనదని ఆఫీసరు తర్వాత కుర్రాడికే చెప్పాడట: అబ్బాయ్, సిగ్నల్ ఇవ్వడం తప్పు సరే, అది కూడా తప్పు సిగ్నలే ఇచ్చావు అని. కుర్రాడు ఈ మాట మాకు చెప్పడానికి ఏడాది పట్టింది.

ఆ సాయంత్రం ఆఫీసులో న్యూస్ ఎడిటర్‌కి అంతా చెప్పాను. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. "మొదటి పేజీలో అడుగున, పెట్టెకట్టి వేసుకోవచ్చు" అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అడగలేదు. పత్రికలో మంచి న్యూస్ ఎడిటర్ అంటే ఏది వెయ్యాలో తెలిసినవాడని అంటారు. ఏది వదిలెయ్యాలో తెలిసినవాడని నేనంటాను.

ఫలితాలకి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పైనా కిందా ఉన్న ఆ ఇద్దరూ మిల్లులో చేతులతో మాట్లాడుకున్నారే తప్ప నోటితో మాట్లాడుకోలేదు. పని మాత్రం ఒక్క అంగుళం తేడా రాలేదని అక్కతో ఎవరో అన్నారట. నోటీసు బోర్డు మీద జాబితా పెట్టిన రోజు కుర్రాడే ముందు చూశాడు. అతని పేరు లేదు. ఎదురింటాయన పేరు ఉంది, చివరినుంచి రెండోది. అతను సైకిల్ తొక్కుకుంటూ నేరుగా రిసాలి వచ్చి, గేటు దగ్గరే అరిచాడు.

"భయ్యా! ఎక్కేశావ్! సాలా, నా సిగ్నల్ లేకుండానే ఎక్కేశావ్!"

ఎదురింటాయన గుమ్మం దిగి వచ్చి వాణ్ని పట్టుకుని ఏడ్చాడు. అక్క మా రెండిళ్లలోనూ ఉన్న పాలన్నీ కలిపి టీ పెట్టింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. ఎవరూ చెప్పలేదు.

ఏడుగురిలో నలుగురు ప్యాసయ్యారు. కుర్రాడు మరుసటి ఏడాది మళ్లీ క్లాసుకి వచ్చాడు, ఈసారి నిజంగా నేర్చుకోవడానికి. పరీక్ష వాక్యాలు చదువుతున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. నేను కూడా ఆ ఏడాది నుంచి డెస్కులో ఒక పద్ధతి మార్చుకున్నాను. కొత్త విలేకరి వాక్యం తప్పితే గప్‌చుప్‌గా దిద్ది పంపెయ్యడం మానేశాను. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, వాడే కర్తని వెతికి పట్టుకునేదాకా టీ తాగుతూ కూర్చునేవాణ్ని. పేజీలు ఆలస్యమయ్యేవి. తిట్లు నాకే వచ్చేవి. కానీ ఆ పిల్లలు త్వరగానే నా అవసరం లేనివాళ్లయ్యారు. మీలో దిద్దే పనిలో ఉన్నవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే.

ఎదురింటాయన ఇన్‌ఛార్జిగా చేరిన మొదటిరోజు సాయంత్రం మా వరండాలో వచ్చి కూర్చున్నాడు. కొత్త హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఎలా ఉంది పని అని అడిగాను.

"మా క్రేను ఎంత పెద్దదో తెలుసా బాబూ?" అన్నాడు. "పొద్దున కింద నిలబడి తలెత్తి సూసేను. నోరు తెరుసుకుని ఉండిపోనాను. తమ్ముడు నవ్వేడు. పంతొమ్మిదేళ్లు దాన్లోనే కూకున్నాను గదా, నాకెప్పుడు అగుపడ్డాది!"